రెండున్నర లక్షల్లో పాత ఆక్టేవియా ఆర్ఎస్ టర్బో ఇంజిన్: డబ్బు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ ఆపాలి

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. 2006 స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్, 1.8 టర్బో పెట్రోల్. మీటర్ మీద 1,62,000 కి.మీ. తొక్కితే వెనక నీలం పొగ, వెయ్యి కిలోమీటర్లకు లీటరు దాకా ఆయిల్ తాగుతోంది. మీ మెకానిక్ చూసి "ఇంజిన్ బోరుకొచ్చింది" అన్నాడు, అంటే సిలిండర్ గోడలు అరిగాయని. ఎలాగూ విప్పుతున్నాం కదా, పనిలో పనిగా పెద్ద టర్బో, ఫోర్జ్‌డ్ పిస్టన్లు వేసి 250 బీహెచ్‌పీ (అంటే 250 గుర్రాల బలం) తీద్దామని నీ ఆలోచన. చేతిలో ఉన్నది రెండున్నర లక్షలు.

ఆ డబ్బుతో 250 రాదు. 190 వస్తుంది, అన్నీ కలిసొస్తే 200 తాకుతుంది. కంపెనీ ఇచ్చింది 150 బీహెచ్‌పీ, 210 న్యూటన్ మీటర్లు. ఇప్పుడున్న స్థితిలో నీ బండి ఆ 150 కూడా ఇవ్వడం లేదు. కాబట్టి 190 అంటే నీకు కొత్త బండి ఎక్కినట్టే ఉంటుంది. కాకపోతే ఆ డబ్బు నువ్వు అనుకున్న చోట పెట్టకూడదు.

ముందు నాకో అనుమానం ఉంది. ఇంజిన్ నిజంగా బోరుకొచ్చిందా? నీలం పొగ అంటే ఆయిల్ కాలుతోందని మాత్రమే అర్థం. ఈ ఇంజిన్‌లో ఆయిల్ లోపలికి చేరడానికి నాలుగు దార్లున్నాయి. అరిగిన రింగులు, గట్టిపడిన వాల్వ్ సీళ్లు, టర్బో షాఫ్ట్ దగ్గరి సీలు, మూసుకుపోయిన బ్రీదర్ గొట్టాలు (ఇంజిన్ లోపలి ఆవిరి పోయేవి). పొద్దున్నే స్టార్ట్ చేయగానే ఒక గుప్పు పొగ వచ్చి ఆగిపోతే, లేదా ఫ్లైఓవర్ దిగేటప్పుడు కాలు తీసి మళ్లీ తొక్కగానే వస్తే వాల్వ్ సీళ్ల పని. బూస్ట్ (టర్బో తోసే గాలి ఒత్తిడి) ఎక్కినప్పుడల్లా వస్తుంటే బంపర్ మూలన ముందు చక్రం దగ్గరున్న, టర్బో గాలిని చల్లబరిచే చిన్న ఇంటర్‌కూలర్ పైపు విప్పి చూడు. లోపల తడి పొర ఉంటే కంగారు పడకు, ప్రతి టర్బో బండిలోనూ అంత ఉంటుంది. వంచితే ఆయిల్ కారిందంటే మాత్రం టర్బో పోయింది. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీస్తే గుప్పుగుప్పున ఊదుతోందా, అప్పుడు రింగులు, లేదంటే బ్రీదర్. ఈ ఇంజిన్‌లో బ్రీదర్ రబ్బరు గొట్టాలు ఇన్‌టేక్ మానిఫోల్డ్ కింద దాక్కుని ఉంటాయి, వేడికి పకోడీల్లా పెళుసెక్కిపోతాయి. బోరింగ్‌కని నా దగ్గరకు వచ్చిన ఒక ఆక్టేవియా ఆ గొట్టాలు, వాటి వాల్వు మార్చి పంపేస్తే ఆయిల్ తాగడం మానేసింది. ఆరు వేలలో తేలిపోయింది.

అందుకని విప్పే ముందు కంప్రెషన్ టెస్ట్ చేయించు. ఇంజిన్ వేడి మీద ఉండాలి, నాలుగు ప్లగ్గులూ తీసేయాలి, కాయిల్స్, ఇంజెక్టర్ల కనెక్టర్లు ఊడదీయాలి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టి క్రాంక్ చేయాలి. చాలామంది కాలు పెట్టకుండా టెస్ట్ చేసి, రీడింగ్ తక్కువ వచ్చిందని ఇంజిన్ దించేస్తారు. కంపెనీ లెక్క ప్రకారం ఏ సిలిండరూ 7 బార్ కంటే దిగకూడదు, ఎక్కువ తక్కువల మధ్య తేడా 3 బార్ దాటకూడదు. తక్కువ చూపించిన సిలిండర్లో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూడు. రీడింగ్ లేచిందంటే రింగుల దగ్గర లీకు, కదలకపోతే వాల్వుల దగ్గర.

సరే, రింగులే పోయాయని అనుకుని మిగతాది చెప్తాను.

బోరింగ్ చేసి కొత్త పిస్టన్లు వేస్తే పికప్ పెరుగుతుందని మన దగ్గర ఒక నమ్మకం ఉంది. ఈ ఇంజిన్ బోరు 81 మిల్లీమీటర్లు, స్ట్రోకు 86.4. మొత్తం 1781 సీసీ. ఓవర్‌సైజ్ పిస్టన్ కోసం అర మిల్లీమీటరు బోరు పెంచితే 1803 సీసీ అవుతుంది. అంటే 22 సీసీ, ఒకటింబావు శాతం. 150 గుర్రాల మీద రెండు గుర్రాలు కూడా కాదు. రీబిల్డ్ చేస్తే ఇంజిన్‌కు పోయిన బలం తిరిగి వస్తుంది, వచ్చే పవర్‌ను మోసే సత్తువ వస్తుంది. పవర్ మాత్రం గాలి నుంచి, గాలికి తగ్గ పెట్రోలు నుంచి, ఆ రెంటినీ సరైన క్షణంలో వెలిగించే ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) మ్యాప్, అంటే దాని సెట్టింగుల నుంచి వస్తుంది.

గాలి లెక్క ఇంట్లో కూర్చుని చూసుకోవచ్చు. డయాగ్నస్టిక్ కేబుల్ పెడితే ఎయిర్ మాస్ సెన్సర్ సెకనుకు ఎన్ని గ్రాముల గాలి లోపలికి వెళ్తోందో చూపిస్తుంది. ఆ అంకెను 1.25తో గుణిస్తే సుమారుగా బీహెచ్‌పీ. ఆరోగ్యంగా ఉన్న 150 బండి 120 గ్రాముల దగ్గర చూపిస్తుంది. 200 కావాలంటే 160 గ్రాములు మింగాలి. నీ బండి మీద ఉన్న చిన్న కె03 టర్బో కష్టపడి అంతవరకు తీసుకెళ్తుంది. ఆ పైన అది గాలిని తోయదు, కాలుస్తుంది.

కాలుస్తుందన్నది మాటవరసకు కాదు. మే నెలలో హైదరాబాద్‌లో బానెట్ కింద నుంచి పీల్చే గాలి 45 డిగ్రీలు అనుకో. మనం సముద్రమట్టానికి 540 మీటర్ల ఎత్తున ఉన్నాం, ఇక్కడ గాలి పీడనం 0.95 బార్ దగ్గర ఉంటుంది. 1 బార్ బూస్ట్ చేయడానికి టర్బో గాలిని రెండు రెట్లకు పైగా నొక్కాలి. బయటికి వచ్చే గాలి 155 డిగ్రీల దాకా వెళ్తుంది. అదే టర్బోను 1.3 బార్‌కు నెట్టావంటే గాలి 200కు చేరుతుంది. అంత వేడి గాలిలో ఆక్సిజన్ పలచబడుతుంది, పైగా నాకింగ్ (పెట్రోలు అదుపు తప్పి పేలడం) మొదలవుతుంది, ఈసీయూ భయపడి ఇగ్నిషన్ టైమింగ్ వెనక్కి లాగేస్తుంది. గేజ్ మీద బూస్ట్ పెరుగుతుంది, కింద బండి మాత్రం అలాగే ఉంటుంది. ఇదే మ్యాప్ వైజాగ్‌లో జనవరి రాత్రి వేరే బండిలా పోతుంది. అందుకే ఈ కారుకు ముందుగా వేయాల్సింది పెద్ద టర్బో కాదు, రేడియేటర్ ముందు నిలబెట్టే పెద్ద ఇంటర్‌కూలర్. నీ బడ్జెట్‌లో అది ఇప్పుడు పట్టదు, తర్వాత ఎప్పుడైనా వేసుకో.

ఈ బ్లాక్ మీద నమ్మకం మాత్రం పెట్టుకో. ఇనుప బ్లాక్ అది. ఇదే 1.8 ఇంజిన్‌ను యూరప్‌లో ఆర్ఎస్‌కు 180 గుర్రాలతో అమ్మారు, ఆడి టీటీకి 225తో అమ్మారు. కానీ 225 ఇంజిన్‌కు పెద్ద కె04 టర్బో, రెండు ఇంటర్‌కూలర్లు, పెద్ద ఇంజెక్టర్లు పెట్టి, కంప్రెషన్ నిష్పత్తిని 9.5 నుంచి 9 దగ్గరకు దించారు. ఊరికే మ్యాప్ మార్చి వదిలేయలేదు. నువ్వు అనుకున్న 250 వీటన్నిటినీ దాటిన అంకె.

ఇక రాడ్ల సంగతి. ఈ ఇంజిన్ కనెక్టింగ్ రాడ్లు సన్నగా ఉంటాయి. వాటిని వంచేది బీహెచ్‌పీ కాదు, కింది ఆర్‌పీఎంలో ఒక్కసారిగా తన్నుకొచ్చే టార్క్. 2500 దగ్గర ఫుల్ బూస్ట్ పడి 350 న్యూటన్ మీటర్లు దాటితే రాడ్డు విల్లులా వంగుతుంది. అదే పవర్‌ను 5500 దగ్గర చేస్తే ఏమీ కాదు. అందుకే నేను 280, 290 న్యూటన్ మీటర్ల దగ్గర కట్టేయమంటాను. అంతవరకు పాత రాడ్లే చాలు, బోల్టులు మాత్రం కొత్తవి. ఈ రాడ్ బోల్టులు 30 న్యూటన్ మీటర్లకు బిగించి, ఆపైన 90 డిగ్రీలు తిప్పేవి. బిగించినప్పుడు సాగుతాయి, ఒక్కసారే పనికొస్తాయి. "మంచిగనే ఉన్నయ్ సార్" అని పాతవే బిగించే ఉస్తాద్ ఎంత సీనియర్ అయినా వినకు. హెడ్ బోల్టులకూ అదే మాట.

రాడ్ల విషయంలో నా మనసు అటూ ఇటూ ఊగుతుంది, దాచను. ఇంజిన్ ఒకసారి విప్పాక స్టీల్ హెచ్-బీమ్ రాడ్లు వేయడానికి అదనపు కూలీ ఉండదు. రెండేళ్ల తర్వాత కె04 వేసుకుంటానని నీకు గట్టిగా ఉంటే, ఎక్కడైనా ముప్పై నలభై వేలు సర్దగలిగితే, ఇప్పుడే వేసేయ్. ఫోర్జ్‌డ్ పిస్టన్లకు మాత్రం ఈ లక్ష్యానికి పని లేదు.

డబ్బు, ఓపిక పెట్టాల్సింది లేత్ షాపులో. హైదరాబాద్‌లో రాణిగంజ్ వైపు, విజయవాడలో ఆటోనగర్‌లో బోరింగ్ షాపులు వరసగా ఉంటాయి. లారీ, ట్రాక్టర్ బ్లాకులు రోజూ పదులకొద్దీ చేసే చోట నీ బ్లాక్ కూడా అదే లెక్కలో పోతుంది. నువ్వు వెతకాల్సింది బోర్ గేజ్, మైక్రోమీటర్ బయటికి తీసి, అంకెలు కాగితం మీద రాసిచ్చే మనిషిని. షాపు ఎంత పెద్దదన్నది నేను చూడను.

నేను వెళ్లే చోట ఒక పెద్దాయన ఉన్నాడు. బ్లాక్ బల్ల మీద పెట్టగానే గేజ్ జోలికి పోడు. ముందు బోరు పైఅంచు లోపల గోరుతో గీస్తాడు. పై రింగు ఆగే చోట, దాని పైన అరగని మెటల్‌కూ కింద అరిగిన మెటల్‌కూ మధ్య ఒక మెట్టు ఉంటుంది. గోరు తట్టుకుంటే "పోయింది" అంటాడు, జారిపోతే "చూద్దాం" అంటాడు. ఆ తర్వాత గేజ్ దించి పైన, మధ్యన, కింద మూడు చోట్ల, ఒక్కో చోట అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి, సిలిండర్‌కు ఆరు రీడింగులు తీస్తాడు. మొత్తం ఇరవై నాలుగు అంకెలు. ఈ ఇంజిన్‌లో స్టాండర్డ్ బోరు 81.01, పిస్టన్ 80.965 మిల్లీమీటర్లు. ఏ రీడింగైనా స్టాండర్డ్ నుంచి 0.08 కంటే ఎక్కువ తప్పితే గోడలను రాయితో సన్నగా గీసే హోనింగ్‌తో సరిపోదు, 81.51కి బోరింగ్ చేసి ఓవర్‌సైజ్ పిస్టన్లు వేయాలి. లోపల ఉంటే హోనింగ్ కొట్టి రింగులు మార్చితే చాలు. లక్షన్నర కిలోమీటర్లు నడిచిన ఈ ఇనుప బ్లాకుల్లో చాలావాటికి నేను హోనింగ్‌తోనే పని కానిచ్చాను. బోరింగ్ కంటే ముందే పిస్టన్లు కొని తెచ్చుకునే తొందర ఒకటుంటుంది మనవాళ్లకు. వద్దు, ఈ అంకెలు వచ్చేదాకా ఒక్క పార్టూ కొనకు.

ఒకవేళ బోరింగ్ తప్పదంటే పిస్టన్లు ముందు షాపుకిచ్చి, ఒక్కో పిస్టన్‌ను కొలిచి దాని బోరు దానికి కోయమను. పిస్టన్ మీద సిలిండర్ నంబర్ మార్కర్‌తో రాసి పెట్టుకో.

రింగు గ్యాప్ నువ్వు దగ్గరుండి చూడు, ఇది ఎవరికీ వదిలేయకు. రింగును పిస్టన్ మీద కాకుండా ఒట్టిగా బోరులో పెట్టి, పిస్టన్‌ను తిరగేసి దాంతో రెండు సెంటీమీటర్లు కిందికి తోస్తే రింగు సమంగా కూర్చుంటుంది. రెండు చివరల మధ్య ఖాళీలోకి ఫీలర్ గేజ్ పెట్టి చూడాలి. డబ్బాలోంచి తీసిన రింగు చాలాసార్లు 0.25, 0.30 చూపిస్తుంది. కంపెనీ బూస్ట్‌కు అది బాగానే ఉంటుంది. మనం బూస్ట్ పెంచుతున్నాం కాబట్టి పై రింగు ఇంకా వేడెక్కి ఇంకా సాగుతుంది. బోరు కొలతలో వెయ్యికి ఐదున్నర వంతులు నా లెక్క, 81కి అది 0.45. సన్నటి ఆకురాయితో ఒక్క చివరనే, బయటి నుంచి లోపలికే రాయాలి. రెండు గీతలు రాయడం, మళ్లీ బోరులో పెట్టి చూడడం. నాలుగు సిలిండర్లకు అరపూట పడుతుంది. గ్యాప్ కాస్త ఎక్కువైతే కొద్దిగా బ్లో-బై (రింగుల పక్క నుంచి గ్యాస్ కిందికి జారడం), అంతే. తక్కువైతే ఏదో ఒక మధ్యాహ్నం ఔటర్ రింగ్ రోడ్డు మీద చివరలు ఒకదాన్నొకటి తన్నుకుని పిస్టన్ అంచు విరిగి చేతికొస్తుంది.

హోనింగ్ తర్వాత కడగడం. షాపులో డీజిల్ కొట్టి, గాలి పట్టి ఇచ్చేస్తారు. అది కడగడం కాదు. హోనింగ్ రాయి పొడి ఆ గీతల్లో ఇరుక్కుని ఉంటుంది, డీజిల్‌కు పైకి రాదు. వేడి నీళ్లు, బట్టల సబ్బు పొడి, గట్టి బ్రష్. రుద్ది, కడిగి, పాత తెల్ల పంచె ముక్కతో తుడిస్తే మొదట నల్లగా, తర్వాత బూడిద రంగులో మరక వస్తుంది. మళ్లీ కడుగు. నాలుగోసారో ఐదోసారో గుడ్డ తెల్లగా బయటికొస్తుంది. వెంటనే ఆయిల్ పూయి, లేకపోతే టీ తాగి వచ్చేలోపు ఎర్రగా తుప్పు పడుతుంది. బ్లాక్‌లో ఆయిల్ వెళ్లే దారుల ప్లగ్గులు విప్పించి వాటిలోకి కూడా పొడవాటి బ్రష్ దించాలి.

క్రాంక్ గురించి ఎక్కువ చెప్పను. గీతలు పడకపోతే పాలిష్ చాలు. బేరింగులు కొత్తవి వేశాక ప్లాస్టిగేజ్ పెట్టి క్లియరెన్స్ చూసుకోవాలి. అది మెత్తటి దారంలాంటిది, బిగించి విప్పితే ఎంత పరుచుకుందో చూసి ఖాళీ ఎంతో చెప్పేయొచ్చు.

నా తప్పు కూడా ఒకటి చెప్తాను. చాలా ఏళ్ల క్రితం, నేను ఈ ఇంజిన్లు కొత్తగా మొదలుపెట్టిన రోజుల్లో. ఈ ఆయిల్ సంపుకు (ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) గాస్కెట్ ఉండదు, సిలికాన్ పేస్ట్ పెట్టి అంటిస్తారు. లీకు కాకూడదని నేను వేలెడు మందాన పెట్టాను. బిగించినప్పుడు ఎక్కువైనదంతా లోపలికి వేలాడింది, నాకు కనిపించదు కదా. బండి కస్టమర్‌కిచ్చాక మూడు వారాలకు సూర్యాపేట దాటాక ఆయిల్ లైటు వెలిగింది. ఆయన పక్కకు ఆపి ఫోన్ చేశాడు. అప్పటికే టర్బో ఈల వేస్తోందట. సంపు విప్పి చూస్తే ఆయిల్ పీల్చే జల్లెడ మీద సిలికాన్ తోక ఒకటి జలగలా అంటుకుని ఉంది. టర్బో, బేరింగులు నా జేబులోంచే వేసిచ్చాను. అప్పటి నుంచి అగ్గిపుల్ల మందం మించి పెట్టను.

ఆ జల్లెడ ఈ ఇంజిన్‌కు సహజంగానే పెద్ద జబ్బు. ఆయిల్ టర్బో దగ్గర వేడికి మాడి, మడ్డిలా మారి అక్కడ పేరుకుంటుంది. నీది తప్పకుండా సగం మూసుకునే ఉంటుంది. జల్లెడ పైపు కడగొద్దు, కొత్తది వేయి, ఖరీదైనదేం కాదు. టర్బోకు ఆయిల్ తీసుకెళ్లే సన్నటి స్టీల్ పైపు కూడా కొత్తదే. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ పక్క నుంచి వెళ్తుంది కాబట్టి లోపల బొగ్గు కట్టి ఉంటుంది. కొత్త టర్బోకు పాత పైపు తగిలిస్తే అది కూడా పాత దాని దారే పడుతుంది.

టర్బోకు పూర్తి కొత్తది అక్కర్లేదు. నీ హౌసింగులకు పగుళ్లు లేకపోతే మధ్య కార్ట్రిడ్జ్ (షాఫ్ట్, బేరింగులు ఉండే భాగం) ఒక్కటి మార్చొచ్చు. బ్యాలెన్స్ చేసిన రిపోర్ట్ కాగితం ఇచ్చేవాడి దగ్గరే తీసుకో.

హెడ్ విషయంలో, ఒక్కో సిలిండర్‌కు మూడు ఇన్‌టేక్, రెండు ఎగ్జాస్ట్, మొత్తం ఇరవై వాల్వులు. గైడ్లు వదులుగా ఉన్నాయేమో చూసి, సీళ్లు అన్నీ మార్చి, వాల్వులు కూర్చోబెట్టి, హెడ్ వంగిందో లేదో స్కేలు పెట్టి చూసి, అవసరమైతే మాత్రమే ఫేసింగ్ (అడుగు చదును చేయడం). పోర్టులు కోసి పెద్దవి చేస్తామని ఎవరైనా అంటే నవ్వి ఊరుకో. టైమింగ్ బెల్ట్, టెన్షనర్, వాటర్ పంప్ కలిపి మార్చు. పంపు రెక్కలు ప్లాస్టిక్‌వి కాకుండా లోహంవి అడుగు. రెండు క్యామ్‌షాఫ్ట్‌ల మధ్య చిన్న చైన్, దాని టెన్షనర్ ఉంటుంది, దాన్ని చాలామంది మర్చిపోతారు.

పెట్రోల్ గురించి కాస్త. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇథనాల్ 20 శాతం కలిసిన ఈ20. మామూలు పెట్రోలు ఒక వంతుకు 14.7 వంతుల గాలి కావాలి, ఈ20కి 13.6 చాలు. అంటే అదే గాలికి ఎనిమిది శాతం ఎక్కువ పెట్రోలు పోయాలి. ఆక్టేన్ (నాకింగ్‌ను తట్టుకునే గుణం) కాస్త పెరగడం టర్బోకు మేలే, కానీ ఇంజెక్టర్లు సరిపోవాలి. టర్బో ఇంజిన్ గుర్రానికి గంటకు 270 గ్రాముల పెట్రోలు తాగుతుందనుకుంటే 200 గుర్రాలకు ఒక్కో ఇంజెక్టర్ నిమిషానికి 360 సీసీ ఇవ్వగలగాలి, అది కూడా నూటికి 85 వంతుల సమయమే తెరుచుకుని. నీవి 310, 320 సీసీ ప్రాంతంలో ఉంటాయి. 3 బార్ ఫ్యూయల్ ప్రెషర్ రెగ్యులేటర్ తీసి 4 బార్‌ది వేస్తే అవే ఇంజెక్టర్లు 366 దాకా ఇస్తాయి. చవకలో అయ్యే పాత కిటుకు ఇది. ఈ20తో అవసరం 390కి పెరుగుతుంది కాబట్టి 190 దాకా నిశ్చింత, 200 దగ్గర అంచున ఉంటావు. ఈ వయసు బండి రబ్బరు ఫ్యూయల్ గొట్టాలు ఇథనాల్ కోసం చేసినవి కావు. వాసన వచ్చేదాకా ఆగకుండా ఇంజిన్ దిగి ఉన్నప్పుడే మార్చెయ్.

ఇప్పుడు ఖర్చు. ఇవి నా చేతి మీదుగా పోయే బిల్లుల లెక్క, మీ ఊళ్లో ఐదూ పదీ అటూ ఇటూ ఉంటాయి. లేత్ పని అంతా కలిపి 28 వేలు. రింగులు, బేరింగులు, బోల్టులు 32. గాస్కెట్లు, సీళ్లు 22. టైమింగ్ సెట్టు, పంపు, చైన్ టెన్షనర్ 24. టర్బో కార్ట్రిడ్జ్, ఆయిల్ పైపులు 32. క్లచ్ ప్లేట్, ప్రెషర్ ప్లేట్ 30. ఆయిల్, కూలెంట్, ప్లగ్గులు, గొట్టాలు 12. కూలీ 30. మొత్తం 2,10,000. మిగిలిన నలభై వేలు ముట్టుకోకు. విప్పాక ఏదో ఒకటి బయటపడుతుంది, పడని ఇంజిన్ నేను చూడలేదు. డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ వదులైందనో, రేడియేటర్ చెమ్మగిల్లిందనో. ఓవర్‌సైజ్ పిస్టన్లు అవసరమైతే ఆ నలభై అక్కడే పోతుంది, పైన ఇంకాస్త చేబదులు తీసుకోవాల్సి వస్తుంది. ముందే మనసులో పెట్టుకో.

మరి మ్యాప్ డబ్బులు ఎక్కడివి అంటావు. ముప్పై ఐదు వేల దాకా అవుతుంది. అది ఇప్పుడు వద్దు. కొత్త రింగులు కూర్చునేదాకా ఎలాగూ మ్యాప్ చేయకూడదు, కాబట్టి రెండు నెలల తర్వాత ఇచ్చుకో. నీ అదృష్టం బాగుండి నలభై మిగిలితే అదే మ్యాప్‌కు సరిపోతుంది.

మొదటి స్టార్ట్‌కు ముందు ఇంజెక్టర్లు, కాయిల్స్ కనెక్టర్లు తీసేసి, ప్లగ్గులు లేకుండా ఆయిల్ లైటు ఆరేదాకా సెల్ఫ్ కొట్టు. ఒక్కోసారి పది సెకన్లు, మధ్యలో ఆపి. టర్బో పైపులో కూడా ముందే కాస్త ఆయిల్ పోసి పెట్టాలి. స్టార్ట్ అయ్యాక గంటలకొద్దీ ఐడిల్‌లో పెట్టి "సెట్ అవుతోంది" అని చూస్తూ కూర్చోవద్దు. రింగులు బోరులో కూర్చోవడానికి లోడు కావాలి. లీకులు చూసుకుని రోడ్డెక్కు. మూడో గేర్‌లో సగం యాక్సిలరేటర్‌తో 2000 నుంచి 4000 దాకా తీసుకెళ్లి, కాలు పూర్తిగా తీసేసి గేర్‌లోనే నెమ్మదించనీ. ఇలా ఇరవై ముప్పైసార్లు. మొదటి ఆయిల్ మామూలు మినరల్ పోసి 50 కిలోమీటర్లకే తీసేయ్. ఫిల్టర్ కోసి చూడు, మెరిసే పొడి కాస్త ఉంటుంది, రేకులు ఉండకూడదు. మళ్లీ 500కి, 1500కి. ఆ తర్వాతే వీడబ్ల్యూ 502.00 అని రాసి ఉన్న సింథటిక్ 5డబ్ల్యూ-40. ఆ తర్వాత డబ్బా మీద ఏం రాసి ఉన్నా ఏడు వేలకోసారి మార్చు. మడ్డి జబ్బు మళ్లీ తెచ్చుకోవద్దు.

మ్యాప్ చేసేవాడి దగ్గరకు వెళ్తే ఒక్కటి గమనించు. ముందు లాగ్ (బండి నడుస్తుండగా ఈసీయూ అంకెల రికార్డు) తీస్తాడా, నేరుగా ఫైల్ ఎక్కిస్తాడా? నీ ఈసీయూ బాష్ ఎంఈ7.5, మంచి ఈసీయూ, నాకింగ్ వస్తే సిలిండర్ సిలిండర్‌కూ విడిగా టైమింగ్ లాగుతుంది. కేబుల్ పెట్టి చూసే కొలతల్లో 020 బ్లాక్‌లో ఆ అంకెలు కనిపిస్తాయి. 115లో అడిగిన బూస్ట్, వచ్చిన బూస్ట్ పక్కపక్కనే ఉంటాయి. 032లో ఫ్యూయల్ ట్రిమ్, అంటే ఈసీయూ పెట్రోలును ఎంత సవరిస్తోందో. ఫుల్ థ్రాటిల్ మీద ఏ సిలిండర్లోనైనా టైమింగ్ నాలుగు డిగ్రీలకు మించి వెనక్కి పోతుంటే బూస్ట్ తగ్గించమను. బూస్ట్ 1 బార్ తాకి, పైకి వెళ్లేకొద్దీ 0.7 దాకా దిగేలా చేయించు. మధ్యాహ్నం ఎండలో లాగ్ తీయించు, పొద్దున ఆరింటికి ఎవడి కారైనా బాగానే పోతుంది. మామూలు బంకు పెట్రోలుకే మ్యాప్ చేయించు. హైదరాబాద్‌లో 100 ఆక్టేన్ దొరుకుతుంది, ఆదిలాబాద్ వెళ్లే దారిలో ఎక్కడ వెతుకుతావ్?

పొగను శుభ్రం చేసే కాటలిటిక్ కన్వర్టర్ పీకించకు. ఈ పవర్ దగ్గర దాన్ని తీస్తే వచ్చేది చప్పుడే. పొల్యూషన్ సర్టిఫికెట్ రాదు. 2006 బండికి పదిహేనేళ్లు 2021లోనే నిండాయి, ఇక ఐదేళ్లకోసారి ఫిట్‌నెస్ చూపించి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాల్సిందే, అక్కడ దొరికిపోతావు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండి మార్చకూడదు. 182ఏ కింద ఒక్కో మార్పుకు 5,000 జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా రాసి ఉంది. మ్యాప్ సంగతి ఇన్సూరెన్స్ వాళ్లకు చెప్పకపోతే యాక్సిడెంట్ అయిన రోజు క్లెయిమ్ దగ్గర తగువు పెట్టుకుంటారు. తెలిసి చెయ్యి.

బ్రేకులు మర్చిపోయాను. 190 చేసే ముందు బ్రేక్ ఫ్లూయిడ్, ప్యాడ్లు, నాలుగు మంచి టైర్లు. నీ ఫొటోలో ముందు టైర్ పక్కన పగుళ్లు కనిపించాయి.

ఇంజిన్ దించే ముందు నాలుగు సిలిండర్ల కంప్రెషన్ రీడింగులు, ఆయిల్ పోసి తీసినవీ పోయకుండా తీసినవీ రెండూ, ఇంటర్‌కూలర్ పైపు లోపలి ఫొటో పంపు. వాల్వ్ సీళ్లే అయితే హెడ్ కూడా దించకుండా, స్ప్రింగులు మాత్రం విప్పి మార్చే పద్ధతి ఉంది. అదెలాగో అప్పుడు రాస్తాను.